బందర్ లడ్డూ, నాగులవంచ నీలం

పోయిన నెల విజయవాడ నుంచి వస్తూ మా మామూజాన్ ఒక డబ్బా బందరు లడ్డూ తెచ్చారు. డబ్బా మీది పేరు చదివి మా చిన్నది పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "అబ్బా, బందర్ కే లడ్డూ! కోతి లడ్డూ!"

"బేటా, ఆ బందర్ వేరు, ఈ బందర్ వేరు" అన్నాను. "ఫార్సీలో బందర్ అంటే జహాజులు ఆగే రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది కదా, అదే మాట ఇది. మచిలీపట్నం ఒకప్పుడు ఎంత పెద్ద రేవంటే, ఊరి పేరు చెప్పకుండా ఉత్తగా బందరు అంటే చాలు, అందరికీ తెలిసిపోయేది."

సగం లడ్డూ తిన్నాక ఇంకో సవాల్ వచ్చింది. "మరి మన ఖానాపురం హవేలికి సముందర్ ఎందుకు లేదు?" మళ్ళీ నవ్వాం. ఆ వెంటనే అది అన్న మాటకు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. "క్లాసులో ఒకమ్మాయి నన్ను అడిగింది అబ్బా, మీ వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు అని. మనం జహాజులో వచ్చామా?"

పదేళ్ళ పిల్ల. అడిగిన అమ్మాయీ పదేళ్ళదే. ఆ బచ్చీ మీద నాకేం గుస్సా లేదు, పెద్దవాళ్ళ నోట్లోంచి జారిన మాటే పిల్లల నోట్లో పడుతుంది. ఆ రాత్రి మా చిన్నదానికి ఏదో సగం జవాబు చెప్పి పడుకోబెట్టాను. మిగతా సగం ఇది. మన ఇళ్ళల్లో ఇలాంటి సవాల్ ఎదురయ్యే పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి అందరికీ చెబుతున్నాను.

దారి ముందే ఉంది

బడి కితాబుల్లో ఈ కహానీ 1498లో మొదలవుతుంది. వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు, హిందూస్తాన్‌కు సముద్ర మార్గం కనిపెట్టాడు అని. నిజానికి ఆయన ఆఫ్రికా తూర్పు ఒడ్డున మలిందీ రేవులో దారి తెలిసిన నావికుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. దారి తెలిసినవాడు దొరికాడంటే ఆ దారి అప్పటికే నలిగిన దారి అన్నట్టే కదా.

మన తెలుగు ఒడ్డు సంగతి చూడండి. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుఫానుకు జహాజు పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు దాన్ని జప్తు చేసుకునేవాళ్ళు. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని ఆయన పరదేశీ సౌదాగర్లకు అభయం ఇచ్చాడు. వరంగల్లులో కూర్చున్న రాజు సముద్రం మీది వాళ్ళకు జమానత్ ఇచ్చాడంటే ఆ తిజారత్ విలువ ఆయనకు తెలుసన్న మాట. ఆ శతాబ్దం చివర్లో ఇటు వచ్చిన మార్కోపోలో కూడా మోటుపల్లి రాజ్యంలో నేసిన సన్నని గుడ్డను తెగ మెచ్చుకున్నాడు.

ఈ తిజారత్ అంతా గాలి మీద నడిచేది. ఏడాదిలో కొన్ని నెలలు గాలి ఒక దిక్కుకు, మిగతా నెలలు ఎదురు దిక్కుకు. ఆ గాలుల రుత్‌ను అరబ్బులు మౌసిమ్ అన్నారు. మనం మౌసమ్ అంటాం. అదే మాట ఫిరంగుల నోట్లో పడి మాన్‌సూన్ అయింది. ఈ రోజు టీవీలో మాన్‌సూన్ వచ్చిందని చెబుతుంటే మన మాటే చుట్టు తిరిగి మన ఇంటికి వచ్చినట్టు.

మరి ఫిరంగులు వచ్చాక కొత్తగా ఏం జరిగింది? రెండు సంగతులు. ఒకటి, సముద్రం మీదికి ఫిరంగి గుండు వచ్చింది. పోర్చుగీసు వాళ్ళు, మా పర్వానా లేకుండా ఏ జహాజూ కదలకూడదు అన్నారు. రెండోది, అప్పటిదాకా ఒకదానికొకటి తెలియని సముద్రాలు కలిశాయి. అమెరికా గనుల వెండి, ఇండోనేసియా దీవుల లవంగం, జపాన్ రాగి, మన ఖమ్మం ఇలాఖా నీలిమందు ఒకే లెక్కల పుస్తకంలోకి ఎక్కాయి.

ఖమ్మం అన్నది పొరపాటున అనలేదు.

మన పక్క ఊరి కథ

ఖమ్మం నుంచి విజయవాడ వెళ్ళే ప్యాసింజర్ రైలు ఎక్కితే చింతకాని తర్వాత నాగులవంచ అని ఒక చిన్న స్టేషన్ వస్తుంది. ఎన్నోసార్లు ఆ బోర్డు చూస్తూ పోయాను, దాని తారీఖ్ తెలియకుండానే. 1669 నుంచి 1687 దాకా ఆ ఊళ్ళో డచ్చి కంపెనీ కోఠీ ఉండేది. డచ్చి వాళ్ళ కాగితాల్లో దాని పేరు నాగెల్వాంజె.

1602లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటాలు అమ్మి మొదలెట్టిన కంపెనీ అది. 1605లో బందరుకు వచ్చింది, మరుసటి ఏడు పెద్దపల్లిలో, అంటే ఇప్పటి నిజాంపట్నంలో, కోఠీ పెట్టింది. 1611లో ఇంగ్లీషు వాళ్ళు కూడా బందరులో దిగారు. గోల్కొండ సుల్తానులు ఎవరినీ పొమ్మనలేదు, సుంకం వస్తే చాలు అనుకున్నారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చిన బంగారు ఫర్మానా సంగతి చాలామంది చదివే ఉంటారు. ఏటా 500 హొన్నులు కట్టి రాజ్యం రేవుల్లో తిజారత్ చేసుకోవచ్చని అందులో ఉంది.

ఒడ్డున ఉండాల్సిన కంపెనీ ఇంత లోపలికి, నాగులవంచ దాకా ఎందుకొచ్చింది? నీలిమందు కోసం. బందరుకూ గోల్కొండకూ నడుమ పడే ఈ ఇలాఖాలో నీలి బాగా పండేది. కోసిన నీలి మొక్కను పెద్ద తొట్లలో నానబెడతారు. ఆ నీళ్ళను ఇంకో తొట్టిలోకి వదిలి కర్రలతో గంటల తరబడి చిలుకుతారు. గాలి తగిలే కొద్దీ నీళ్ళ రంగు మారి, అడుగున నీలి మడ్డి దిగుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టి, అచ్చుల్లో నొక్కి ఎండబెడితే నీలిమందు బిళ్ళలు తయారు. రంగు తొట్టిలో ముంచిన గుడ్డ బయటికి తీసేటప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది. చూస్తుండగానే గాలికి నీలం అవుతుంది. ఆ తమాషా చూసి అబ్బురపడని మనిషి ఉండడు.

ఇంకో సంగతి చెబితే మన బుజుర్గులు ఖుష్ అవుతారు. ఆ రోజుల్లో ఈ తీరంలో కంపెనీ నౌకరీ చేసినవాళ్ళలో డేనియల్ హావర్ట్ అనే డచ్చి ఆయన ఉన్నాడు. కోరమండల్ తీరం ఎలా లేచింది, ఎలా పడిపోయింది అనే అర్థం వచ్చే పేరుతో 1693లో పుస్తకం అచ్చేశాడు. నాగులవంచ కోఠీ ముచ్చట అందులో ఉంది. ఈయన ఇక్కడే ఫార్సీ నేర్చుకుని, వెళ్ళాక 1688లో షేక్ సాదీ బోస్తాన్‌ను డచ్చిలోకి దించాడు. మన దాదాలు గులిస్తాన్, బోస్తాన్ కంఠస్థం చేస్తే అక్షరాలు వచ్చినట్టు లెక్క. షీరాజ్‌లో రాసిన కితాబు గోల్కొండ ముల్క్ మీదుగా హాలెండ్ చేరింది. సరుకు కోసం వచ్చిన జహాజు ఒక్కోసారి ఇలాంటి సామాను కూడా మోసింది.

గుడ్డ వెనక చేతులు

కంపెనీలకు అసలు కావలసింది మిరియం, లవంగం, జాజికాయ, జాపత్రి. అవి పండేది ఇండోనేసియా దీవుల్లో. ఆ దీవుల వాళ్ళకు యూరప్ సరుకు దేనిమీదా పెద్ద మోజు లేదు. వాళ్ళు అడిగింది మన గుడ్డ. తెలుగు ఒడ్డున గుడ్డ కొని, దీవుల్లో ఇచ్చి, మసాలా తీసుకుని, యూరప్‌లో అమ్మితే లాభం. అందుకే 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి, మసాలా దీవులకు కోరమండల్ ఎడమ చెయ్యి లాంటిదని రాశాడు.

ఆ ఎడమ చెయ్యిలో ఎన్ని వేళ్ళున్నాయో లెక్క పెడదాం. పత్తి లోపలి నల్లరేగడి చేలల్లో పండేది. లంబాడీలు ఎద్దుల మీద వేసి ఒడ్డుకు తోలుకెళ్ళేవాళ్ళు, వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేవాళ్ళు. ఆ పత్తిని ఏకి దూది చేసేది పింజారీలు, అంటే మన నూర్‌బాషా దూదేకుల భాయీలు. నా చిన్నప్పుడు మా గల్లీలోకి భుజాన పెద్ద విల్లు వేసుకుని ఒక చాచా వచ్చేవాడు. తీగ మీద కొడుతుంటే టుంయ్ టుంయ్ అని మోగేది, దూది మంచులా లేచేది. మేం చుట్టూ చేరితే, ముక్కుల్లోకి పోతుంది దూరం జరగండి అని కసిరేవాడు. ఆ విల్లు మోగిన చప్పుడే ఈ ప్రపంచ తిజారత్‌కు మొదటి చప్పుడు అని అప్పుడు తెలియదు.

దూదిని నూలుగా వడికేది ఇళ్ళల్లో ఆడవాళ్ళు. నేసేది పద్మశాలీలు, దేవాంగులు. ఉతికి తెల్లబరిచేది చాకళ్ళు. ఆ తర్వాత ఖలమ్‌కారీ. గుడ్డను కరక్కాయ రసం, గేదె పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నానేసి తీసిన కసీమితో నల్ల గీతలు. పటిక నీళ్ళు పూసి, చిరివేరుతో కలిపి ఉడకబెడితే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. కృష్ణ పాయల ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఎరుపుకు సాటి లేదని ఫిరంగులే రాసుకున్నారు. నీలం అక్కర్లేని చోట మైనం పూసి గుడ్డను నీలి తొట్టిలో ముంచేవాళ్ళు. ఒక్కో పలంగ్‌పోష్ పూర్తవడానికి నెలలు పట్టేది. ఆ పలంగ్‌పోష్ అనే మాటే ఇంగ్లీషులో పాలంపోర్ అయి కూర్చుంది.

ఆ గుడ్డ ఎక్కడికి చేరింది? సులవేసి దీవిలో తొరాజా కొండ జనం హిందూస్తానీ అద్దకం గుడ్డలను పవిత్రమైన వస్తువుల్లా తరతరాలు దాచుకున్నారు. జపాన్‌లో చాయ్ వేడుకకు వాడే పాత్రల సంచులు ఆ గుడ్డతో కుట్టుకున్నారు, దాన్ని వాళ్ళు సరసా అంటారు. ఫ్రాన్సులో రంగు వెలవని ఈ పూల గుడ్డ మీద జనం ఎంత ఎగబడ్డారంటే, అక్కడి నేతగాళ్ళ గోల భరించలేక 1686లో సర్కారు దాన్ని నిషేధించింది. 1721లో ఇంగ్లండు కూడా అదే పని చేసింది. మన హునర్‌ను ఆపడానికి బాద్‌షాలు కానూన్లు చేయాల్సి వచ్చింది.

అటు భద్రాచలం అడవికీ ఇందులో హిస్సా ఉంది. గోదావరి మీద తేలుతూ కిందికి వచ్చిన టేకు దుంగలతో నరసాపురం దగ్గర జహాజులు కట్టేవాళ్ళు. ఈ ఒడ్డున ఓడలు కట్టే జాగాల్లో అది పేరుమోసింది. ఇంగ్లీషు వాళ్ళు కూడా తమ ఓడలు అక్కడికి తెచ్చి బాగుచేయించుకునేవాళ్ళు. సముందర్ చూడని అడవి చెట్టు కూడా సముందర్ మీద తిరిగింది.

వెండి, బంగారం, మిర్చీ

ఇంత గుడ్డకు బదులు కంపెనీలు ఏమిచ్చాయి? ఎక్కువగా వెండి, బంగారం. ఈ రోజు బొలీవియా అంటున్న దేశంలో పొతోసీ కొండ ఉంది. ఆ గనుల్లోకి అక్కడి ఆదివాసులను వంతులవారీ వెట్టికి దింపి స్పెయిన్ వాళ్ళు తవ్వించిన వెండి, యూరప్ చుట్టి మన రేవులకు వచ్చేది. 1668లో జపాన్ వెండి ఎగుమతి ఆపేస్తే డచ్చి వాళ్ళు అక్కడి నుంచి కోబాన్ అనే బంగారు నాణేలు తెచ్చారు. అందులో ఎక్కువ భాగం కోరమండల్ ఒడ్డుకే వచ్చింది, ఇక్కడ హొన్నులుగా మారింది.

1672 నుంచి 1687 దాకా గోల్కొండ తఖ్త్ మీద ఉన్నది అబుల్ హసన్ తానీషా. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, మన రామదాసు, ఆయన కొలువులో తహసీల్దారు. ఖజానాకు కట్టాల్సిన పైసల గొడవలోనే ఆయన ఖైదు అయ్యాడని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ ఖజానాలో మోగిన బంగారంలో జపాన్ బంగారం కూడా ఉంది. రామదాసు, తానీషా, నాగులవంచ డచ్చి కోఠీ, ముగ్గురిదీ ఒకే జమానా అని మనకెవరూ చెప్పలేదు.

మా ఊరి పేరులోని హవేలి కూడా ఆ ఖజానా భాషలోదే. రెవెన్యూ కాగితాల్లో హవేలి అంటే పెద్ద భవనం కాదు. జాగీర్దారుకు ఇవ్వకుండా సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసుకునే, కచేరీకి దగ్గరి భూములు. అరబ్బీ మూలమున్న ఆ మాట ఫార్సీ దఫ్తర్ల మీదుగా వచ్చి ఖానాపురం పక్కన అలాగే నిలిచిపోయింది.

ఇక మిర్చీ. ఎండాకాలం ఖమ్మం మార్కెట్ పక్కనుంచి ముక్కు మూసుకోకుండా నడిచినవాడు బహాదుర్. తేజా మిర్చీ ఇక్కడి నుంచి చైనా దాకా పోతోంది. ఆ మిర్చీ మన నేలది కాదు. అమెరికా ఖండంలో పుట్టింది, పోర్చుగీసు జహాజుల్లో మన ఒడ్డు చేరింది. అంతకుముందు మన కూరల్లో కారం మిరియానిదే. కొత్త కాయకు ఆ మిరియం పేరే తగిలించి మిరపకాయ అన్నారు. జామ, బొప్పాయి, సీతాఫలం, మొక్కజొన్న, టమాటా, పొగాకు అన్నీ ఆ దారినే వచ్చాయి. ఇంట్లో అల్మారీ, దాని చాబీ, తువ్వాలు, ఇల్లు కట్టే మేస్త్రీ, ఇవి పోర్చుగీసు మాటలు. మా దాదీ వాటిని అచ్చమైన ఉర్దూ అనుకుంది, పక్కింటి పెద్దమ్మ అచ్చమైన తెలుగు అనుకుంది. ఇద్దరూ ఒకే చాబీతో అల్మారీ తెరిచారు.

హజ్ జహాజు

బందరు నుంచి ఎర్ర సముద్రానికి, మోఖా, జిద్దా రేవులకు జహాజులు వెళ్ళేవి. సరుకుతో పాటు హాజీలనూ మోసేవి. ఇక్కడే పోర్చుగీసు పర్వానా గుచ్చుకుంది. కర్తాజ్ అనే ఆ కాగితం లేకపోతే జహాజును పట్టుకునేవాళ్ళు, హాజీలున్నా సరే. దాని మీద హజ్రత్ మరియమ్, హజ్రత్ ఈసా తస్వీర్లు ముద్రించి ఉండేవి. అక్బర్ కాలంలో ఉలమాలు దీని మీద బహస్ చేశారు. తస్వీర్ ఉన్న ఫిరంగి కాగితం పట్టుకుని, వాళ్ళ షరతులకు ఒప్పుకుని పోయే దారి తప్ప వేరే దారి లేనప్పుడు హజ్ ఫర్జ్ అవుతుందా, కాదా అని. అయినా జనం వెళ్ళారు. అల్లాహ్ ఇంటికి పోవడానికి పరాయి రాజు పర్వానా చూపించి మరీ వెళ్ళారు.

ఆ రేవులో ఇరానీ సౌదాగర్లు చాలామంది స్థిరపడ్డారు. వాళ్ళలో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్ నుంచి వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ ఒకరు. వజ్రాల వ్యాపారంలో చిన్న నౌకరీతో మొదలై బందరు హాకిమ్ అయ్యాడు, తర్వాత గోల్కొండకు మీర్ జుమ్లా అయ్యాడు. సొంత జహాజులు నడిపాడు, 1656లో షాజహాన్ కొలువుకు వెళ్ళిపోయాడు. పిల్లలకు చెప్పేటప్పుడు ఆయన ఒక్కడి పేరే చెప్పి, చూశారా మన వాళ్ళ షాన్ అని ఆపేయడం నాకు ఇష్టం లేదు. ఆయన జహాజు నిండింది చాకలి రేవుల్లో ఉతికిన గుడ్డతోనే. అదే రేవులో కోమటి వ్యాపారులు, దుబాసీలు ఆయనతో సమానంగా లెక్కలు చూశారు.

చెప్పడానికి కష్టమైన సంగతి

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మన తారీఖ్ అందంగానే ఉంటుంది. కానీ సగం జవాబు ఇవ్వనని ముందే అన్నాను.

కంపెనీ నేరుగా నేతగానికి పైసలు ఇచ్చేది కాదు. దలాల్‌కు బయానా ఇచ్చేది, దలాల్ నేతగానికి ఇచ్చేవాడు. ఇన్ని గుడ్డలు, ఇంత పొడవు, ఈ ధర అని మాట. నడుమ కరువొచ్చి బియ్యం ధర రెండింతలైనా గుడ్డ ధర మారదు. మగ్గం మీద ఉన్న గుడ్డ వేరేవాళ్ళకు అమ్మడానికి లేదు. అలా ఖర్జా ఏడాది నుంచి ఏడాదికి పాకేది.

కరువు ముదిరినప్పుడు గుడ్డ మోసిన జహాజులే మనుషులను మోశాయి. ఆకలికి పిల్లలను అమ్ముకున్నవాళ్ళు, తమను తామే అమ్ముకున్నవాళ్ళు ఈ కోరమండల్ తీరం నుంచి గులాములుగా బతావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, సిలోనుకు, ఆఫ్రికా దక్షిణ కొసన కేప్‌టౌన్‌కు వెళ్ళారు. కేప్‌టౌన్ ముస్లింల పూర్వీకుల్లో ఇండోనేసియా వాళ్ళతో పాటు బెంగాల్, కోరమండల్ గులాములు కూడా ఉన్నారు. అక్కడి డచ్చి రికార్డుల్లో వాళ్ళ సొంత పేర్లు చాలావరకు లేవు. యజమాని పెట్టిన పేరు, దాని వెనక ఫన్ కోరమండల్. కోరమండల్ నుంచి వచ్చినది, వచ్చినవాడు, అంతే. ఎక్కణ్ణుంచి వచ్చావు అన్న సవాలే వాళ్ళకు ఇంటి పేరు అయింది.

ఇంకోటి. 18వ శతాబ్దంలో కోరమండల్ ఒడ్డున నీలి తొట్లలో ముంచిన ముదురు నీలం గుడ్డకు ఆఫ్రికా పశ్చిమ తీరంలో గొప్ప గిరాకీ. గినీ గుడ్డ అనేవాళ్ళు. యూరప్ వ్యాపారులు ఆ గుడ్డ ఇచ్చి అక్కడ మనుషులను కొన్నారు, అమెరికా తోటలకు తోలారు. ఇక్కడ నీలి చిలికిన మనిషికి ఇది తెలియదు. ఆయన చేసింది హలాల్ మెహనత్. అయినా ఆ నీలం అక్కడ దేనికి ఖరీదు కట్టిందో తెలుసుకున్నాక నాకు నీలం రంగు ముందటిలా కనబడటం లేదు.

ఇక్కడ కూడా రోజులు తిరగబడ్డాయి. 1686లో బాకీల తగాదాలో డచ్చి వాళ్ళు బందరు పట్నాన్నే కొంతకాలం పట్టుకున్నారు. అదే కాలంలో కరువు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. నాగులవంచ కోఠీ మూతపడిందీ ఆ ఏడే. బందరు ఆ తర్వాత కూడా బతికింది కానీ ఆ రౌనక్ మళ్ళీ రాలేదు. జర్మనీ వాళ్ళు మడ్డర్ ఎరుపును ల్యాబులో తయారు చేశాక చిరివేరు, 1897లో కృత్రిమ నీలిమందు బజారులోకి తెచ్చాక నీలి సాగు కూడా చేల నుంచి పోయాయి.

మా చిన్నదానికి జవాబు

పోయిన ఇతవారం దాన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని నాగులవంచ వెళ్ళాను. దారి పొడవునా పత్తి, మిర్చీ. "నీలం ఎక్కడ అబ్బా?" అని అడిగింది. ఇప్పుడెవరూ పండించరు బేటా అన్నాను. కొంచెంసేపు నిరాశపడి, చెరుకు రసం తాగి సర్దుకుంది.

వచ్చే దారిలో చెప్పాను. "మీ వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు అని మళ్ళీ అడిగితే గుస్సా పడొద్దు. ఇలా చెప్పు. మాలో కొందరు జహాజుల్లో వచ్చారు, సౌదాగర్లు, సిపాయిలు, దర్వేషులు. చాలామందిమి ఈ నేల వాళ్ళమే. పత్తి ఏకాం, గుడ్డ నేశాం, రంగు అద్దాం, ఓడలెక్కాం. ఈ నేల వాళ్ళు ఇక్కడి నుంచి కూడా పోయారు, కొందరు అమ్ముడుపోయి పోయారు. వాళ్ళ పిల్లలను ఇప్పుడు అక్కడెవరో ఇదే మాట అడుగుతూ ఉంటారు. మీ ఇంట్లో మిరపకాయ మా అందరికంటే దూరం నుంచి వచ్చింది. దాన్ని ఎవరూ ఏమీ అడగరు, పచ్చడి చేసుకుని తింటారు."

చివరి మాటకు అది పడీ పడీ నవ్వింది. మర్నాడు బడికి రెండు బందరు లడ్డూలు తీసుకెళ్ళింది, ఒకటి ఆ అమ్మాయి కోసం. ఇద్దరూ కలిసి కోతి లడ్డూ అని నవ్వుకున్నారట. సంగతి అక్కడితో అయిపోయింది.

నాకు మాత్రం అయిపోలేదు. బందరులో డచ్చి దొరల సమాధుల మీద పేర్లు, తారీఖులు, వంశ చిహ్నాలు రాతిలో చెక్కి ఉన్నాయి. నీలి తొట్టి దగ్గర నిలబడినవాళ్ళ పేరు ఒక్కటీ మనకు మిగల్లేదు. మీ ఇళ్ళల్లో దూది ఏకిన దాదా, నూలు వడికిన నానీ, అద్దకం చేసిన పర్‌దాదా ముచ్చట్లు తెలిసిన బుజుర్గులు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరు, ఏం పని, ఎవరికి అమ్మారు, ఎంత ఖర్జా ఉండేది అన్నీ. పిల్లల నోట్‌బుక్కులోనైనా సరే రాసి పెట్టండి. రేపు ఇంకో పిల్ల సవాల్ అడిగినప్పుడు జవాబు మన ఇంట్లోనే ఉండాలి.